రేలా అంటే చెట్టు పేరు



మీకు ఇష్టమైన గాయకుడి కచేరీకి వెళ్లిన అనుభవం చెప్పండి మేడం, పిల్లలు వింటారు అన్నారు నిర్వాహకులు. టికెట్టు కొనుక్కుని, నంబరున్న కుర్చీలో కూర్చుని విన్న కచేరీ మా లెక్కలో ఒక్కటీ లేదు. మేము విన్నది రోడ్డు మీద. ఈ హాల్లోంచి బయటికెళ్లి నడిస్తే పావుగంటలో ఇందిరాపార్కు వస్తుంది. ఆ పక్కనే ధర్నాచౌక్. మా అభిమాన గాయకుడు గద్దర్ గారు. పాట తనే కట్టి, తనే పాడి, తనే ఆడేవారు. ఆయన్ని మేము దగ్గరగా చూసింది అక్కడే.

మేము అంటే నలుగురం. అందరం కోయ పిల్లలమే. ఇద్దరిది భద్రాచలం వైపు, ఒకరిది ఏటూరునాగారం, ఒకరిది గుండాల. బీఈడీ పూర్తి చేసి, 2012 డీఎస్సీకి చదువుకోవడానికి అశోక్‌నగర్ వచ్చాం. ఇప్పుడు అక్కడ చదువుతున్న వాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు కాబట్టి మీకు వివరంగా చెప్పక్కర్లేదు. ఆరు మంచాల గది, మంచం కింద ట్రంకుపెట్టె, గోడకి తాడు, తాడు మీద తడిబట్టలు. తెల్లారేసరికి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ పట్టుకోవాలి. కాస్త లేటయితే కుర్చీ ఉండదు, చెట్టు కింద పేపరు పరుచుకోవడమే. మధ్యాహ్నం డబ్బా అన్నం. నారాయణగూడ చౌరస్తా దాకా నడిస్తే టీ, అదీ ఇంటి నుంచి డబ్బులు పడిన రోజున. జిరాక్సు షాపుల్లో కొన్న మెటీరియల్ మీద పసుపు గీతలు. జీవితమంతా ఆ గీతల్లోనే ఉన్నట్టు ఉండేది.

ఆ గదిలో మేము కోయలో మాట్లాడేవాళ్లం కాదు. ఎవరూ వద్దనలేదు. ఒకసారి ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుతుంటే పక్క మంచాల మీద నవ్వు వినిపించింది, అంతే. ఆ తర్వాత ఫోన్ వస్తే డాబా మీదికి వెళ్లేవాళ్లం. నీళ్ల ట్యాంకు వెనక నిలబడి అమ్మతో మన మాట, కిందికి దిగాక తెలుగు. ఆ మెట్లు ఎక్కడం, దిగడం ఎంత అలవాటైపోయిందంటే, ఎందుకు ఎక్కుతున్నామో కూడా ఆలోచించడం మానేశాం.

ధర్నాచౌక్‌లో అప్పట్లో టెంటు లేని రోజు ఉండేది కాదు. తెలంగాణ ఉద్యమం నడుస్తోంది. రిలే దీక్షలు, కాంట్రాక్టు ఉద్యోగుల దీక్షలు, పింఛన్ల కోసం ముసలివాళ్ల దీక్షలు. పోడు పట్టాల కోసం మన వాళ్లూ కూర్చునేవాళ్లు. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, గద్దర్ వస్తున్నాడట అని లైబ్రరీలో ఎవరో అన్నారు. పది నిమిషాల్లో రీడింగ్ హాలు సగం ఖాళీ. పుస్తకాలు సంచిలో వేసుకుని మేమూ నడిచాం. మా గదిలో ఉండే కరీంనగర్ అమ్మాయి కూడా మాతో వచ్చింది.

వేదిక అంటే ఒక లారీ, డాలా తీసేసిన లారీ. రెండు సౌండు బాక్సులు, కింద జంపకానాలు. జంపకానా చాలని వాళ్లకి రోడ్డే. ఒక పక్క ఇనుప కంచెలు, పోలీసులు. వాళ్లలో కొందరి పాదాలు కూడా తాళానికి కదలడం మేము చూశాం. లారీ వెనక ఇద్దరు పిల్లలు కాగితాలు మంటేసి డప్పు కాస్తున్నారు. డప్పు తోలు వేడికి బిగిస్తేనే మోగుతుంది. వాళ్లు ఒక దెబ్బ వేసి చెవి పెట్టి వింటారు, మళ్లీ మంట మీద తిప్పుతారు. కచేరీ మొదలుకాకముందే సగం కచేరీ అది. ఇప్పటి ఫంక్షన్లలో ఆ మంటే లేదు, ప్లాస్టిక్ డప్పు వచ్చింది. మోత ఉంది కానీ ఆ మోతలో తోలు లేదు.

గద్దర్ గారు చాలా ఆలస్యంగా వచ్చారు. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. అప్పటికే అరవై దాటిన మనిషి. 1997 ఏప్రిల్ 6న జరిగిన కాల్పుల్లో తగిలిన తూటాల్లో ఒకటి ఇంకా ఆయన వెన్నులోనే ఉందని మాకు తెలుసు. అందుకని లారీ ఎక్కేటప్పుడు అందరం ఊపిరి బిగబట్టి చూశాం. ఎక్కారు. గజ్జె ఒక్కసారి మోగించారు. ఇంకేం చెప్పాలి, రోడ్డంతా లేచి నిలబడింది.

చిన్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఆయన అసలు పేరు గుమ్మడి విఠల్, ఊరు మెదక్ దగ్గర తూప్రాన్. స్వాతంత్ర్యం కోసం పోరాడిన గదర్ పార్టీ పేరు నుంచి గద్దర్ వచ్చింది. కెనరా బ్యాంకులో గుమస్తాగా చేసి 1984లో ఆ ఉద్యోగం వదిలేశారు. ఒక్క నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూసే మాలాంటి వాళ్లకి ఆ సంగతి అప్పుడు అస్సలు మింగుడుపడలేదు, ఇప్పటికీ పూర్తిగా పడదు. 1972 నుంచి జననాట్యమండలి. 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో ఆయన పాడితే జనం లక్షల్లో వచ్చారని నారాయణగూడలో పాత పుస్తకాలమ్మే ఒక పెద్దాయన మాకు ఎన్నోసార్లు చెప్పాడు, తానే మైకు పట్టుకున్నంత గర్వంగా. ఒరేయ్ రిక్షా సినిమాకు రాసిన పాటకి నంది అవార్డు ఇస్తే ఆయన తీసుకోలేదు. ఆయన రాజకీయాలతో ఏకీభవించే వాళ్లుంటారు, ఏకీభవించని వాళ్లుంటారు. ఈ వేదిక మీద ఆ చర్చ పెట్టడం లేదు. పాట సంగతే చెబుతాం.

టీచరు ట్రైనింగ్ అయినవాళ్లం కదా, ఆయన పాఠం ఎలా చెబుతున్నాడా అని చూశాం. పల్లవి చాలా చిన్నది, ఒక్కసారి వింటే నోటికొస్తుంది. దాన్ని వెనకున్న బృందం వంతగా అందుకుంటుంది. రెండోసారికి జనం అందుకుంటారు. చరణం మధ్యలో ఆయన టక్కున ఆగి మాటల్లోకి దిగుతాడు, ఒక తల్లి సంగతో, ఒక కూలీ సంగతో చెబుతాడు, నవ్విస్తాడు, ఆ నవ్వు ఆరకముందే పల్లవి ఎత్తుకుంటాడు. ఆ క్షణానికి పాడుతున్నది మనమే, ఆయన వింటున్నాడు. ఒగ్గుకథలో, బుర్రకథలో, ఎల్లమ్మ కథలో తాతల కాలం నుంచి ఉన్న పద్ధతే ఇది. ఆయన దాన్ని ఊరి నుంచి తెచ్చి లారీ మీద నిలబెట్టాడు.

ఇంకో సంగతి. బండెనక బండి కట్టి పాట ఆయనదే అనుకుంటారు చాలామంది. మా భూమి సినిమాలో ఆయన పాడగా విని అలా అనుకుంటారు. ఆ పాట కట్టింది సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. పాడిన గొంతు ఎంత పెద్దదైతే కట్టినవాడి పేరు అంత తొందరగా మరుగున పడుతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

అయితే ఆ సాయంత్రం మా గుండె ఆగింది గద్దర్ గారి పాటకి కాదు. ఆయన రాకముందు ఒక చిన్న దళం పాడింది. అందులో ఒక అబ్బాయి గొంతెత్తి "రేలా" అన్నాడు. రోడ్డు మీదున్న జనమంతా "రేలా" అని తిరిగి పలికింది. సూటూ బూటూ వేసుకున్న వకీళ్లు, ఆటో అన్నలు, లైబ్రరీ పిల్లలు, అందరి నోటా మన మాట. మేము నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఏ మాట పలకడానికి నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్తున్నామో ఆ మాట హైదరాబాదు నడిరోడ్డు మీద మోగుతోంది.

పక్కనున్న కరీంనగర్ అమ్మాయి అడిగింది, "రేలా అంటే ఏందక్కా? ఊరికే రాగం కోసమా?"

ఆ రోజుల్లో మా టీవీలో రేలా రే రేలా అని జానపద పాటల పోటీ వచ్చేది. రాష్ట్రమంతా చూసేవాళ్లు. ఆ పేరుకి అర్థం ఉంటుందని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. మేము చెప్పాం. రేలా అంటే చెట్టు. ఎండాకాలంలో పసుపు పూలు గుత్తులుగా వేలాడతాయే, ఆ చెట్టు. అదే మా పాటకి పల్లవి. ఆడవాళ్లు ఒకరి చేయి ఒకరు పెనవేసి వరసగా నిలబడి, ముందు ఒకరు ఎత్తుకుంటే వెనక వరస అందుకుంటుంది. ఇప్పుడు వీళ్లు పాడుతున్నట్టే. మరి మీకు వచ్చా అంది. వచ్చు అన్నాం. అశోక్‌నగర్ సందుల్లోంచి తిరిగి వచ్చేటప్పుడు మెల్లగా పాడాం. ఒక ఇంటి ప్రహరీ మీదుగా రేల పూలు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. అదిగో అదే అని చూపించాం. రోజూ ఈ దారినే పోతున్నా, దీని పేరే నాకు తెల్వదు అంది. హాస్టల్ గేటు అప్పటికే మూసేశారు. ఓనరమ్మ తిట్లు తిని లోపలికి వెళ్లాం.

మర్నాడు ఫోన్ వస్తే మెట్లెక్కలేదు, మంచం మీదే కూర్చుని మాట్లాడాం. ఎవరూ నవ్వలేదని చెప్పలేం. ఒకరిద్దరు నవ్వారు. మాట్లాడుతూనే ఉన్నాం.

మాలో గుండాల అమ్మాయి వాళ్ల అమ్మమ్మ పాటల మనిషి. చుట్టుపక్కల ఏ పెళ్లయినా ఆమె రాందే పందిరి కింద పాట ఎత్తేవాళ్లు కాదు. ఆదివారం ఆదివారం ఆమెకి ఫోన్ చేయడం మొదలుపెట్టాం. అక్కడ సిగ్నల్ కోసం ఆమె చెరువుగట్టు ఎక్కాలి. ఆమె పాడుతుంటే మోడల్ పేపర్ల వెనక తెల్లవైపు తెలుగు లిపిలో రాసుకునేవాళ్లం. బ్యాలెన్స్ అయిపోతే పాట మధ్యలో తెగేది. సెలవులకి వెళ్లినప్పుడు దగ్గర కూర్చుని తెగినవన్నీ పూర్తి చేశాం, ఒక్కటి తప్ప. ఒక పెళ్లిపాట మూడో చరణం ఆమెకి గుర్తు రాలేదు. "ఇట్ల గడపల కూసుంటే రాదు బిడ్డా, పందిరి కింద నిలబడితే అదే వస్తది" అంది. 2019లో ఆమె పోయింది.

ఇక ఇప్పటి సంగతి. 2023 ఆగస్టు 6న గద్దర్ గారు చనిపోయారు. మా ఆశ్రమ పాఠశాలలో అప్పుడు ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి రిహార్సల్ జరుగుతోంది. భౌతికకాయాన్ని ఎల్బీ స్టేడియంలో ఉంచారు, మర్నాడు అల్వాల్‌లో ఆయన పెట్టిన బడి ఆవరణలోనే అంత్యక్రియలు. మా పిల్లలు టీవీ ముందు కూర్చుని చూశారు. ఒక ఎనిమిదో తరగతి పిల్ల అడిగింది, "మేడం, మన పాటలు పాడేవాళ్లు పోతే కూడా టీవీలో చూపిస్తారా?"

కొందరిని చూపించారు. గుస్సాడీ నాట్యానికి మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. మన కోయ డోలి కళాకారుడు, మణుగూరు దగ్గర కూనవరం సకిని రామచంద్రయ్య గారికి 2022లో ఇచ్చారు. సమ్మక్క సారలమ్మల కథని డోలి మీద పాడిన మనిషి. ఇద్దరూ 2024లోనే వెళ్లిపోయారు, ఒకరు జూన్‌లో, ఒకరు అక్టోబర్‌లో. వాళ్లకైనా ఫొటో ఉంది, పేరు ఉంది. గుండాల అమ్మమ్మకి ఏమీ లేదు. ఆమె పాడిన పాటలు ఎవరు కట్టారో ఆమెకీ తెలియదు, వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకుంది. బండి యాదగిరి పేరు పుస్తకాల్లో అయినా దొరుకుతుంది.

తమ్ముళ్లూ, మీ మీద మాకో ఫిర్యాదు ఉంది, నవ్వుతూనే చెబుతున్నాం. మొన్న ఒక జాతరలో రేలా పాటకి డీజే పెట్టారు. పెట్టండి, మేమూ రెండడుగులు వేశాం. కానీ అందులో ఎత్తుకునేవాళ్లు లేరు, అందుకునేవాళ్లు లేరు, ఒక బాక్సు పాడుతోంది, అందరూ ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు. ధర్నాచౌక్‌లో ఆ రోజు మా చేతుల్లో ఫోన్లు లేవా అంటే ఉన్నాయి, బటన్ ఫోన్లు. తీయాలనిపించలేదు. నోరు ఖాళీగా లేదు కదా.

ఆ ఫోన్లతోనే చేయాల్సిన పని ఒకటుంది. మీ ఊళ్లో పాడే అవ్వ దగ్గర కూర్చుని పాట మొత్తం రికార్డు చేయండి. మొదట్లో మీ గొంతుతో ఆమె పేరు, ఊరి పేరు, ఎవరి దగ్గర నేర్చుకుందో, ఏ పండక్కో ఏ పనికో పాడతారో, తారీఖుతో సహా చెప్పండి. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కలపకండి. యూట్యూబులో పెట్టాలంటే ముందు ఆమెని అడగండి. కొన్ని పాటలు దేవుడి కొలుపులో తప్ప పాడరు, వాటిని బయటపెట్టకూడదని ఆమె అంటే పెట్టకండి. వీలైతే పెళ్లి పందిరి కిందే రికార్డు చేయండి, ఎందుకో ఇందాక చెప్పాం.

మా హాస్టల్లో ఇప్పుడు నూటడెబ్బై పేజీల రిజిస్టర్ ఒకటి ఉంది. మోడల్ పేపర్ల వెనక రాసుకున్నవన్నీ పిల్లలు అందులోకి ఎక్కించారు. గోండు పిల్లలు, కొలాం పిల్లలు వాళ్ల పాటలు వేరే రంగు సిరాతో రాశారు. భోజనాల దగ్గర బల్ల మీద పెట్టాం, చేతులు కడుక్కుని చూడండి.

ఇప్పుడు మా పిల్లలు ఆరుగురు వచ్చి రెండు పాటలు పాడతారు. రెండోది ఆ పెళ్లిపాటే. రెండు చరణాలయ్యాక వాళ్లు ఆగుతారు. మర్చిపోయారనుకుని చప్పట్లు కొట్టకండి. ఈ హాల్లో గుండాల, ఇల్లందు వైపు పెద్దమ్మలు చాలామంది ఉన్నారు. ఎవరికైనా మూడో చరణం వస్తే కూర్చున్న చోటి నుంచే అందుకోండి, మైకు మేము తెచ్చిస్తాం.