పేర్లు రాయని వాళ్లు

(2025 ఆగస్టు 9న వినుకొండలో జరిగిన ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గిరిజన యువత, చదువు అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఏటా అదే మాట్లాడుతున్నాను, మీరూ ఓపిగ్గా వింటున్నారు. ఈసారి మా హాస్టల్లో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతాను. అది కూడా చదువు సంగతే.

వేసవి సెలవుల తర్వాత జూన్‌లో హాస్టల్ తెరిచాం. ఒకరోజు స్టడీ అవర్ అయిపోయాక తొమ్మిదో తరగతి పిల్ల నా దగ్గరే నిలబడిపోయింది. వాళ్ల అన్న ఇంటర్ పూర్తి చేశాడు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి గుంటూరు రోడ్డు మీద పరుగు ప్రాక్టీసు చేస్తున్నాడు. అగ్నివీర్ ర్యాలీకి పోవాలని. మే నెలలో గోరంట్ల మండలం కల్లి తండా బిడ్డ మురళీ నాయక్ కశ్మీర్ సరిహద్దులో చనిపోయిన వార్త టీవీలో చూసిన దగ్గర్నుంచి వాళ్లమ్మకు నిద్ర లేదు. "మేడం, మా అన్నని పొమ్మనాలా, వద్దనాలా? పెద్ద యుద్ధం వస్తే ఏమవుద్ది?" అని అడిగింది. కాసేపాగి ఇంకో మాట అడిగింది. "మా సోషల్ పుస్తకంలో రెండు ప్రపంచ యుద్ధాలు ఉన్నాయి కదా, వాటిల్లో మనోళ్లు ఉన్నారా?"

నేను బీఈడీ చేసిన మనిషిని. యుద్ధాల తేదీలు నిద్రలో లేపినా చెబుతాను. ఆ రెండో ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. రేపు చెబుతానమ్మా అని పంపించాను. ఆ రేపు ఇవాళ్టికి వచ్చింది.

ఆగస్టు 9 మన పండుగ రోజు. 1982లో ఇదే తేదీన ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీల మీద ఏర్పాటైన బృందం మొదటిసారి కూర్చుంది. అందుకని ఈ తేదీ మనకిచ్చారు. 1945లో ఇదే తేదీన ఉదయం 11 గంటల 2 నిమిషాలకు జపాన్‌లోని నాగసాకి మీద అణుబాంబు పడింది. సరిగ్గా 80 ఏళ్లు. ఆ ఏడాది చివరికి దాదాపు 70 వేల మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది తుపాకీ పట్టిన వాళ్లు కాదు. బడి పిల్లలు, ఇంట్లో వంట చేసుకునే ఆడవాళ్లు, ఫ్యాక్టరీ కూలీలు. మన పండుగ, వాళ్ల సంవత్సరీకం ఒకే రోజు వస్తున్నాయి కాబట్టి ఈ మాట ఇవాళే చెప్పాలనిపించింది.

ముందు సైనికుల సంగతి. 1914లో మొదలైన మొదటి యుద్ధానికి మన దేశం నుంచి 13 లక్షల మందికి పైగా సైనికులు, కూలీలు పనిచేశారు. దాదాపు 74 వేల మంది తిరిగి రాలేదు. రెండో యుద్ధం నాటికి భారత సైన్యం 25 లక్షలకు పెరిగింది. 87 వేల మంది దాకా చనిపోయారు. మన తెలుగు నేల మీద తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. రెండు యుద్ధాలకూ ఆ ఊరి నుంచి అంతమంది వెళ్లారు కాబట్టే దాన్ని ఇప్పటికీ మిలిటరీ మాధవరం అంటారు. అక్కడ ఇంటింటికీ ఒక ఫోటో ఉంటుంది, ఒక పేరు ఉంటుంది.

ఇక మనలాంటి వాళ్లు. 1917లో ఫ్రాన్సులో యుద్ధానికి మనుషులు చాలక, బ్రిటిష్ ప్రభుత్వం మన దేశం నుంచి సుమారు 50 వేల మందిని కూలీ దళాలుగా పంపింది. అందులో రాంచీ వైపు ముండాలు, ఒరాన్లు ఉన్నారు. సంతాలులు, ఖాసీలు, నాగాలు, మిజోలు ఉన్నారు. వాళ్ల చేతికి తుపాకీ ఇవ్వలేదు. రోడ్లు వేయడం, రైళ్లలో నుంచి బస్తాలు దించడం, చెట్లు కొట్టడం వాళ్ల పని. కొన్ని కొండ ప్రాంతాల్లో ఇంటి పన్ను ఉండదని ఆశ పెట్టారు. మణిపూర్ కొండల్లో కుకీలు మేము రామన్నారు. అది 1917 నుంచి 1919 దాకా పోరాటమైంది, ఊళ్లు తగలబెట్టారు. నాతో సహా ఎంతమంది టీచర్లు ఈ పాఠం చెప్పి ఉంటారు? నాకు డీఎస్సీ మెటీరియల్‌లో కూడా కనపడలేదు.

మన జిల్లాల సంగతి ఇంకో రకం. ఎరుకల వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1952 దాకా ఉంది. అంటే స్వేచ్ఛ కోసమని చెప్పి ప్రపంచం రెండు యుద్ధాలు చేస్తున్న కాలమంతా బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్‌లో మన ఎరుకల కుటుంబాలు పుట్టుకతోనే దొంగలన్న ముద్ర కింద, కాపలా మధ్య బతికాయి.

యుద్ధం మన వినుకొండను కూడా తాకింది. మన ఊరి బిడ్డ గుర్రం జాషువా 1895లో ఇక్కడ పుట్టారు. 1941లో గబ్బిలం రాశారు. ఆ రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే ఆయన కొంతకాలం యుద్ధ ప్రచారకుడిగా కూడా పనిచేశారు. ఆయన్ను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు, నాకంత అర్హత లేదు. యుద్ధానికి బాంబులే కాదు, మాటలు కూడా కావాలని మీకు తెలియడానికి చెబుతున్నాను. మాట బాగా చెప్పగలిగిన మనిషిని కూడా యుద్ధం వదలదు. ఇప్పుడు ఆ ప్రచారం మీ జేబులో ఫోన్లోనే ఉంది. పాట పెట్టి, జెండా పెట్టి, ముప్పై సెకన్ల వీడియో చేసి పంపుతారు. చూసి రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఆ వీడియోలో తల్లి ఉండదు.

ఇప్పుడు సైన్యంలో లేని మామూలు జనం సంగతి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖలో జనం ఇళ్లకు తాళాలేసి లోపలి ఊళ్లకు వెళ్లిపోయారు. వాల్తేరులో ఉండాల్సిన ఆంధ్ర విశ్వవిద్యాలయం మన గుంటూరుకు తరలివచ్చి యుద్ధ కాలమంతా ఇక్కడే నడిచింది.

దానికి మూడున్నర నెలల ముందు, 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. 1931 లెక్కల ప్రకారం రంగూన్ జనాభాలో సగానికి పైగా మన దేశం వాళ్లే. ఓడరేవులో మూటలు మోసేవాళ్లలో, రిక్షాలు లాగేవాళ్లలో శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల తెలుగు వాళ్లు వేలల్లో ఉన్నారు. ఓడలో చోటు దొరికిన వాళ్లు ఓడెక్కారు. దొరకని వాళ్లు కొండలు, అడవులు దాటి అస్సాం వైపు నడిచారు. నాలుగైదు లక్షల మంది ఇల్లు చేరారని అంచనా. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలాది మంది పోయారు. తెల్లవాళ్లకొక దారి, నల్లవాళ్లకొక దారి పెట్టారని ఆనాడే మన నాయకులు నిలదీశారు.

మలయా తోటల్లో పనిచేసే తమిళ, తెలుగు కూలీలది ఇంకా ఘోరం. జపాన్ సైన్యం వాళ్లను తీసుకెళ్లి థాయిలాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. 1943 అక్టోబర్‌కి అది పూర్తయింది. దాన్ని మరణ రైలుమార్గం అంటారు. అక్కడ పనిచేసిన బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్ యుద్ధ ఖైదీల్లో 12 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లకు కాంచనబురిలో శ్మశానం ఉంది. వరసగా సమాధులు, చాలావాటి మీద పేరు, వయసు, తేదీ. బంధువులు వెళ్లి పూలు పెట్టి వస్తారు. ఆసియా కూలీలు దాదాపు 90 వేల మంది చనిపోయారని అంచనా. వాళ్లకు అలాంటి శ్మశానం లేదు. పేర్లున్న రిజిస్టరు కూడా లేదు. ఏ ఊరి వాళ్లో, ఏ తల్లి కన్నదో, లెక్కే లేదు.

మొదటిసారి ఇది చదివిన రోజు రాత్రి నేను మా హాస్టల్ హాజరు పట్టీ తీసి చూసుకున్నాను. రోజుకు రెండుసార్లు పేరు పిలుస్తాం, ఒక్క పిల్ల కనపడకపోతే ప్రాణం పోయినంత పనవుతుంది. 90 వేల మందిని పేరు పిలిచే మనిషి లేడు.

పోరు జరగని చోట కూడా యుద్ధం ఇంట్లోకి వస్తుంది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయాక బర్మా బియ్యం ఆగిపోయింది. దానికి ప్రభుత్వ తప్పులు, దళారుల దాపరికం తోడై 1943లో బెంగాల్లో సుమారు 30 లక్షల మంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. ఇక్కడ బియ్యం, గుడ్డ, కిరసనాయిలు అన్నిటికీ కంట్రోలు పెట్టారు. రేషన్ బియ్యాన్ని మన పెద్దవాళ్లు కంట్రోలు బియ్యం అంటారు చూడండి, ఆ మాట యుద్ధం వదిలి వెళ్లిందే.

మా దాదీ అప్పటికి పన్నెండేళ్ల పిల్ల. "జర్మనీ యుద్ధంలో దీపం లేదు, గుడ్డ లేదు" అనేది. కానుగ నూనెతో దీపం పెట్టుకున్నారట. కొత్త పేటియా కుట్టడానికి గుడ్డ దొరక్క, వాళ్లమ్మ పాత పేటియా విప్పి, అద్దాలు ఊడదీసి దాచి, ఆ ముక్కలతో ఇద్దరు పిల్లలకు కుట్టిందట. చిన్నప్పుడు ఇది కథలా విన్నాను. అది ప్రపంచ యుద్ధ చరిత్ర అని నాకు నలభై ఏళ్లు దాటాక తెలిసింది. రాసుకుందామంటే అప్పటికి దాదీ లేదు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఇందులో నా తప్పు కూడా ఉంది.

అమెరికాలో నవాజో అనే ఆదివాసీలున్నారు. వాళ్ల పిల్లల్ని ప్రభుత్వ బోర్డింగ్ బడుల్లో పెట్టి, సొంత భాష మాట్లాడితే శిక్షించేవాళ్లు. 1942లో అదే భాష సైన్యానికి అవసరమైంది. ఆ భాషలో రహస్య సందేశాలు పంపితే శత్రువుకు అర్థం కాదు. ముందు 29 మందిని తీసుకున్నారు, తర్వాత సుమారు 400 మంది అయ్యారు. వాళ్ల కోడ్‌ను జపాన్ వాళ్లు ఛేదించలేకపోయారు. యుద్ధం నుంచి తిరిగొస్తే సొంత రాష్ట్రాల్లో వాళ్లకు ఓటు లేదు, 1948 దాకా రాలేదు. చేసిన పని ఎవరికీ చెప్పకూడదన్నారు. బంగారు పతకాలు 2001లో ఇచ్చారు. అప్పటికి చాలామంది పోయారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, "హాస్టల్లో గోర్ బోలీ మాట్లాడొద్దు, తెలుగే మాట్లాడాలి" అని పిల్లల్ని గద్దించేదాన్ని. తెలుగు బాగా రావాలనే అన్నాను. నేనూ తండా పిల్లనే అయ్యుండి అన్నాను. ఇప్పుడు అనడం లేదు. పిల్లలూ, మన భాష విలువ తెలియడానికి మనకు యుద్ధం రానక్కర్లేదు.

ఇక ఆ అమ్మాయి మొదటి ప్రశ్న. అన్నని పొమ్మనాలా, వద్దనాలా?

సైన్యంలో చేరడం గౌరవమైన పని. మురళీ నాయక్ పేరు చెబితే మన తండాల్లో ఇవాళ తల ఎత్తుకుంటారు. ఆయన తల్లిదండ్రుల ఇల్లు ఎలా ఉందో కూడా గుర్తు పెట్టుకోవాలి. అందుకని నేను పొమ్మనను, వద్దనను. తెలుసుకుని పొమ్మంటాను. అగ్నివీర్ అంటే నాలుగేళ్లు. ఆ తర్వాత నూటికి 25 మంది దాకా మాత్రమే కొనసాగుతారు. మిగిలిన వాళ్లు ఏం చేయాలో ఇప్పుడే ఆలోచించుకోవాలి, డిగ్రీ వదలొద్దు. సంతకం పెట్టే ప్రతి కాగితం ఇంట్లో వాళ్లకు చదివి వినిపించండి. సందేహముంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. అడిగితే తప్పేం లేదు.

వేరే దేశపు యుద్ధానికి మాత్రం గట్టిగా వద్దంటాను. హెల్పర్ ఉద్యోగమని ఏజెంట్లు చెబితే నమ్మి రష్యా వెళ్లిన హైదరాబాద్ యువకుడు ఒకరు యుద్ధంలోకి నెట్టబడి చనిపోయాడని 2024 మార్చిలో తెలిసింది. అలాగే చిక్కుకున్న నారాయణపేట యువకుడు ఒకరు ఆ సెప్టెంబర్‌లో ప్రాణాలతో బయటపడి వచ్చాడు. కాంచనబురి కూలీలకూ, వీళ్లకూ మధ్య 80 ఏళ్లున్నాయి, ఆశ పెట్టే పద్ధతి మారలేదు. విదేశీ ఉద్యోగమని ఎవరన్నా వస్తే, ఆ ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడకుండా పాస్‌పోర్టు చేతికివ్వకండి. చూడటం రాకపోతే నా దగ్గరికి రండి, హాస్టల్ కంప్యూటర్లో చూసి చెబుతాను.

చివరగా ఒక పని చెబుతాను. ప్రతి ఇంట్లో ఎనభై దాటిన వాళ్లు ఒకరో ఇద్దరో ఉన్నారు. ఒక నోటుబుక్కు పట్టుకుని వాళ్ల పక్కన కూర్చోండి. వాళ్ల అమ్మానాన్నల పేర్లు, కంట్రోలు కాలంలో ఏం తిన్నారు, ఇంట్లో ఎవరైనా కూలికి, మిలిటరీకి వెళ్లి తిరిగి రాలేదా, అడిగి రాయండి. తండా వాళ్లు, ఎరుకల, యానాది, చెంచు వాళ్లు ఎవరి భాషలో వాళ్లు రాయండి. వచ్చే ఆగస్టు 9కి ఆ నోటుబుక్కులు సంఘానికి ఇవ్వండి. ఎంత చిన్నదైనా సరే, సావనీరులో వేయించే పూచీ నాది.

ఆ అమ్మాయి అన్న ఇప్పుడు ఈ సభలో వెనక వరసలో ఉన్నాడు. ఇవాళ రాఖీ పౌర్ణమి కూడా, చెల్లెలు పొద్దున కట్టిన రాఖీ చేతికుంది. నాయనా, మీ చెల్లెలు అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఇది: మనోళ్లు ఉన్నారు, పేర్లు రాయలేదు. మీ ముత్తాత పేరేంటో రేపు ఇంటికెళ్లి అడుగు. ఆ నోటుబుక్కులో మొదటి పేజీ నువ్వే రాయి.