సెకను తేడా కూడా లేదు

2024 పారిస్ పారాలింపిక్స్‌లో నేను టీవీలో చూసిన ఒక పరుగు గురించి చెబుతాను. మహిళల 400 మీటర్లు, టీ20 విభాగం. మేధోపరమైన వైకల్యం ఉన్నవారి పోటీ అది. అందులో మన అమ్మాయి ఉంది. జీవంజి దీప్తి. వరంగల్ జిల్లా కల్లెడ. కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ.

కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి కదా, మరి ఇబ్బందేమిటి? చాలామంది ఇలాగే అడుగుతారు. ఇబ్బంది పైకి కనబడదండీ. 400 మీటర్లు ఒకే ఊపున పరిగెత్తే పోటీ కాదు. మొదట్లోనే బలమంతా ఖర్చుపెడితే చివరి మలుపు దాటాక కాళ్లు కదలవు. ఎక్కడ దాచుకోవాలి? ఎక్కడ తెగించాలి? పరిగెత్తుతూనే తేల్చుకోవాలి. ఈ విభాగం వారికి అసలు కష్టం అక్కడే. పైకి కనబడని కష్టం!

దీప్తి మూడోదిగా వచ్చింది. కాంస్యం. స్వర్ణానికీ ఆమెకూ మధ్య సెకను తేడా కూడా లేదు. అదే ఏడాది మే నెలలో, జపాన్‌లోని కోబెలో, ప్రపంచ రికార్డుతో ప్రపంచ ఛాంపియన్ అయింది కూడా.

చిన్నప్పుడు ఊళ్లో ఆమెను హేళన చేశారని తల్లిదండ్రులు చెప్పారు. అది విన్నప్పుడు నాకు కడుపు తరుక్కుపోయింది. అలాంటి పిల్లలు మీ వీధిలోనూ ఉండవచ్చు. వాళ్లను ఆటస్థలానికి తీసుకెళ్లండి. పరిగెత్తనివ్వండి. దీప్తి వేగం బడి ఈడులోనే గురువుల కంట పడింది.

2028లో లాస్ ఏంజెలిస్‌లో మళ్లీ పారాలింపిక్స్. ఒలింపిక్స్ అయిపోయాయని టీవీ కట్టేయకండి. ఆ పరుగులూ చూడండి, పిల్లలకూ చూపించండి.