గ్రహణమొఱ్ఱి – శస్త్రవైద్యము

(మేడారమున జరిగిన వార్షిక మహాసభయం దిచ్చిన యుపన్యాసము)



సమ్మక్క సారలమ్మల గద్దెలున్న యీ మేడారమున మన మహాసభ కూడుట మనకెల్లరకు సంతోషకరము. 2016 వఱకు వరంగల్లు జిల్లాలో నుండిన యీ గ్రామము 2019 నుండి ములుగు జిల్లాలో నున్నది. రెండేండ్ల కొకమాఱు మాఘమాసమున జాతర జరుగునపుడు లక్షలకొలది జనులు జంపన్నవాగున స్నానమాడి గద్దెలకడకు వత్తురు. నిలువెత్తు బెల్లమును తూచి, దానినే బంగారమని చెప్పి మ్రొక్కు చెల్లింతురు. గతించిన యొక జాతరలో నొక తల్లి వరుసలో నిలువక, దూరముగా చెట్టుక్రింద గూర్చుండి, చీరచెఱగుతో బిడ్డ మొగమును గప్పుకొనియుండుట మేము చూచితిమి. గాలికి చెఱగు తొలగినపుడు సంగతి తెలిసినది. ఆ పసిబిడ్డ పైపెదవి ముక్కుదాక చీలియున్నది. దీనినే మనవారు గ్రహణమొఱ్ఱి యందురు. నేడు మేము దీనిని గూర్చియే మనవి చేయదలచితిమి.

ముందుగా మా యింటి సంగతినే చెప్పెదము. మా వెనుక పుట్టిన తమ్మునికి పెదవియు అంగిలియు రెండును చీలియుండెను. మా తల్లికి ఏడవ నెల నిండినపుడు గ్రహణము పట్టినది. ఆనాడామె కత్తిపీటతో కూర తఱిగినది. అందుచేతనే బిడ్డ యిట్లు పుట్టెనని యింటిలోని పెద్దలు పలికిరి. బిడ్డను పండుకొనబెట్టి పాలు పట్టగా అవి ముక్కునుండి వచ్చుచుండెడివి. ఎవ్వరికిని చూపక చీకటిగదిలో నుంచిరి. మూడవ మాసమున ఆ బిడ్డ కన్నుమూసెను. మా తల్లి యటుపిమ్మట బ్రతికినన్నాళ్లు గ్రహణమునాడు తలుపు వేసికొని యేడ్చుచుండెడిది. "కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు" అను సామెతను మనము వాడుచుందుము. నవమాసములు మోసిన తల్లి మనసును పగులగొట్టుటకు ఒక్క మాట చాలినది.

ఆ మాట సత్యమా? విచారింతము. గర్భమున శిశువు పెదవి నాల్గవ వారమునకును ఏడవ వారమునకును నడుమ ఏర్పడును. అంగిలి ఆఱవ వారము మొదలు తొమ్మిదవ వారములోపల ఏర్పడును. ఇరుప్రక్కలనుండి పెరిగి వచ్చు భాగములు నడుమ గలిసికొనకున్నచో చీలిక నిలిచిపోవును. అనగా మా తల్లి ఏడవ నెలలో కత్తి పట్టుకొనుటకు ఎన్నో మాసములకు ముందే ఆ పెదవి యట్లే యుండెను. మఱియు గ్రహణము కనబడిన దేశమున గర్భవతు లెందఱో యుందురు. మొఱ్ఱి కొందఱు బిడ్డలకే కలుగును. సుమారు వేయి జననములలో నొకటి యిట్టిదని వైద్యుల లెక్క. వంశపారంపర్యము, గర్భారంభమున పొగత్రాగుట, అదుపులేని మధుమేహము, మూర్ఛరోగమునకు వాడు కొన్ని మందులు దీనికి తోడ్పడునని తెలిసినది. పెక్కుమాఱులు ఇది కారణమని యొక్కదానిని చూపుట సాధ్యము కాదు. మందులు వాడు స్త్రీలు తమంతట వానిని మానక, గర్భము ధరింపకమునుపే వైద్యుని యాలోచన గొనవలెను. గ్రహణమునకు మాత్రమిందు పాలు లేదు.

ఇక చికిత్స మాట. చీలిన మొగమును బాగుచేయు విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. తెగిన ముక్కునకు ఆకుతో కొలత తీసి, చెంపనుండి చర్మమును దెచ్చి అతికించి, నాసికారంధ్రములు మూసికొనకుండ గొట్టములు నిలుపుమని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. తెగిన పెదవిని కూర్చుటయు నందే కలదు. ఈ విద్య గ్రంథములలోనే యుండిపోక పనివారి చేతులలో బ్రతికియుండెను. దానికి నిదర్శనముగా నొక వృత్తాంతము మన కులమువారు తప్పక యెఱుగవలసినది.

టిప్పు సుల్తానుతో జరిగి 1792లో ముగిసిన యుద్ధమున ఇంగ్లీషు సేనలో ఎడ్లబండి తోలు కావస్జీ యనువాడు చెఱపట్టబడెను. వాని ముక్కును ఒక చేతిని గోసివేసిరి. ఏడాది పిమ్మట పూనా సమీపమున ఇటుకలు చేయు కులమువా డొకడు వానికి క్రొత్త ముక్కు నమర్చెను. క్రూసో, ఫిండ్లే యను ఇంగ్లీషు వైద్యులు దీనిని కన్నులార జూచిరి. ఆ వృత్తాంతము 1794 అక్టోబరులో లండనునందలి జెంటిల్మన్స్ మ్యాగజైన్ పత్రికలో అచ్చయ్యెను.

పని జరిగిన తీరు వినుడు. మైనముతో ముక్కు అచ్చును చేసి, దానిని చదును చేసి నొసటిపై నుంచి చుట్టును గీత గీసెను. ఆ గీతవెంట చర్మమును లేపి, కనుబొమల నడుమ మాత్రము సన్నని బంధము నొకదానిని కోయక విడిచెను. ఆ బంధమే లేచిన చర్మమునకు రక్తము నందించు కాలువ. పిమ్మట చర్మమును మెలిత్రిప్పి క్రిందికి దింపి ముక్కుచోట నతికించెను. తాంబూలమునకు వాడు కాచును నీట మెత్తచేసి, గుడ్డముక్కలకు బూసి, కీలు విడకుండ నంటించెను. నాలుగు దినముల తరువాత వానిని తీసి నేతిగుడ్డలు వేసెను. సుమారు ఇరువదియైదవ దినమున, క్రొత్తచోట రక్తము పాఱ మొదలిడిన పిమ్మట, ఆ బంధమును తెగగోసెను. ఈ వార్త చదివిన కార్ప్యూ యను వైద్యుడు 1814లో లండనున నిట్టి శస్త్రచికిత్సనే చేసి 1816లో గ్రంథము ప్రకటించెను. నొసటి చర్మముతో ముక్కు కట్టు పద్ధతి నేటికిని వాడుకలో నున్నది.

మరాఠీ దేశమున కుంభారులు కుండలతోబాటు ఇటుకలును జేయువారు. ఆ పేరెఱుగని నిపుణుడు మనవాడే యని మేము వాదింపము. మన్నుతో బ్రతికినవా డనుట నిశ్చయము. మొల్లను దలంచి గర్వించు మనము ఈతనినిగూడ దలపవలదా? అట్టి చేతులకు చుట్టములమైన మనము చీలిన మొగముగల బిడ్డను చెఱగుక్రింద దాచుట తగునా?

పచ్చికుండ బీటవాఱినపుడు పైపైన మన్ను మెత్తిన నిలువదని మీ రెఱుగుదురు. లోపలి గోడయు వెలుపలి గోడయు కలియవలెను. పెదవియు నంతియే. లోనిపొరను, నడిమి కండరమును, పైచర్మమును వేర్వేఱుగా గూర్చి కుట్టవలెను. చీలిక యంచులను ఊరక లాగి కుట్టినచో పెదవి పొట్టిదై పైకి లాగుకొనును. అందుచేత నడిమిభాగమును క్రిందికి త్రిప్పి, ప్రక్కభాగమును ముందునకు జరుపు నుపాయమును రాల్ఫ్ మిల్లార్డ్ అను అమెరికా వైద్యుడు 1955లో స్టాక్‌హోమ్ నగరమున జరిగిన వైద్యసభలో వెల్లడించెను. ఆ మార్గమునో, దానినుండి పుట్టిన మార్గములనో నేటి వైద్యులు పెక్కుండ్రు అనుసరించుచున్నారు.

ఈ చికిత్స యొక్కనాటితో ముగియదు. పెదవిని మూడవ మాసము మొదలు ఆఱవ మాసములోపల గూర్తురు. అంగిలిని పదునెనిమిది మాసములు నిండకమునుపే మూయుట మేలు. ఏలయన అందలి కండరములు సరిగా కలియనిచో బిడ్డ మాట ముక్కుతో వచ్చును. మాటలు నేర్పు నిపుణుని సాయమును వలయును. చెవులలో నీరు చేరి వినికిడి తగ్గవచ్చును గావున చెవులను జూపవలెను. ఎనిమిదేండ్లకును పదునొకండేండ్లకును నడుమ, కోఱపన్ను దిగకమునుపు, తుంటియెముకనుండి కొంత మెత్తని యెముకను దెచ్చి చిగురు చీలికలో నింపుదురు. ఆ యెముకలోనికే పన్ను దిగును. తరువాత దంతవైద్యులు పలువరుసను దిద్దుదురు. దవడ వెనుకబడినచో ఎదుగుదల ముగిసిన పిమ్మట దవడయెముకను గోసి ముందునకు జరిపి బిగింతురు. కావున ఇందు చర్మము కుట్టు వైద్యుడును, దంతవైద్యుడును, మాట నేర్పువాడును గలిసి పనిచేయవలెను.

బిడ్డకు పాలు పట్టుట మొదటి కర్తవ్యము. తల నెత్తి కూర్చుండబెట్టి, తల్లిపాలను పిండి చెంచాతో గాని చిన్నగిన్నెతో గాని కొంచెము కొంచెముగా బట్టవలెను. నడుమ నడుమ త్రేన్పు తీయింపవలెను. మా యింట ఈ యొక్క సంగతి తెలిసియుండినచో మా తమ్ముడు నిలిచెడివాడేమో యని నేటికిని మా మనసు కుందుచుండును.

ధనము లేదని వెనుదీయ నక్కఱలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టుక మొదలు పదునెనిమిదేండ్లవఱకు బిడ్డలను పరీక్షించి చికిత్సకు పంపును. అందు మొఱ్ఱియు చేరియున్నది. 1999లో స్థాపింపబడిన స్మైల్ ట్రెయిన్ వంటి ధర్మసంస్థల సాయమున ఉచిత శస్త్రచికిత్స చేయు ఆసుపత్రులును గలవు. మీ యూరి ఆశా కార్యకర్తను, అంగన్వాడి టీచరును అడుగుడు.

సంఘము చేయవలసిన పనియు గలదు. ఈ యడవిపల్లెలనుండి వరంగల్లునకు సుమారు నూఱు కిలోమీటర్లు. చికిత్స ఉచితమైనను బస్సు ఖర్చును, పోయిన కూలిని పేదవా డెక్కడనుండి తెచ్చును? ఒకమాఱు కాదు, పదునెనిమిదేండ్లలో పెక్కుమాఱులు పోవలెను గదా! మన పోషకమహాశయులు విద్యార్థి వసతిగృహముల కిచ్చినట్లే దీనికి నొక చిన్న నిధి నేర్పఱుపవలెనని ప్రార్థించుచున్నాము. ప్రతి గ్రామశాఖయు తన యూరిలో దాగియున్న యిట్టి బిడ్డలను దెలిసికొని, తల్లిని నిందింపక, తోడిచ్చి పంపవలెను.

మ్రొక్కును మానుడని మేము చెప్పము. ఈ గద్దెలకడ బెల్లమును తూచినట్లే శస్త్రవైద్యుడును బిడ్డను తూచును. పది వారముల వయసు, పది పౌనుల బరువు, అనగా నాలుగున్నర కిలోలు, పది గ్రాముల రక్తబలము ఉన్నచో పెదవి కుట్టుటకు బిడ్డ సిద్ధమని వైద్యులు వాడుకగా పాటించు కొలత. ఆ తూకమునకు బిడ్డను తెచ్చుట తల్లి యొక్కతె పని కాదు, మన యందఱి పని. రాబోవు జాతరలో ఆ తల్లి చెఱగు తొలగించి బిడ్డతో వరుసలో నిలుచుగాక!