పాత బీమా పత్రములు - పాడైన నేలలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల శ్రోతలకు మంజీరనుగూర్చి మేము వేరుగ చెప్పనక్కరలేదు. 1931లో పూర్తియైన నిజాంసాగరము ఆ నది నీటినే నిలుపుకొని కాలువలకు వదలుచున్నది. ఆ జలాశయమునకు చాల ఎగువను, పటాన్‌చెరువు పారిశ్రామిక వాడ మురుగును మోసికొని వచ్చు నక్కవాగు మంజీరలో కలియును. ఆ వాగు వెంటనున్న రైతుల బావులును పొలములును కర్మాగారముల వ్యర్థజలములచే చెడిపోగా, 1990లో సుప్రీంకోర్టునందు వ్యాజ్యము దాఖలయ్యెను. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, అచ్చటి ఉమ్మడి శుద్ధికేంద్రము వదలు నీటియందు సిప్రోఫ్లాక్ససిన్ అను ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడినది. వైద్యుడు చీటి వ్రాసి ఇవ్వవలసిన మందు వాగులో పారుచుండెనన్నమాట!

చెడిన నేలను బాగుచేయుటకు సొమ్ము ఎవరిది? చెడగొట్టినవాడే పెట్టుకొనవలెనని 1996లో రాజస్థానమునందలి బిచ్ఛ్రి గ్రామపు వ్యాజ్యములో సుప్రీంకోర్టు స్పష్టముగ చెప్పెను. కాని చెడగొట్టినవాడు దివాలా తీసియుండవచ్చును. మిల్లు నాలుగు చేతులు మారియుండవచ్చును.

అమెరికాలో ఈ చిక్కునకు ఒక విచిత్రమైన దారి దొరికినది. 1980లో వచ్చిన చట్టము, ఎన్నడో పాతిపెట్టిన విషములకు సైతము స్థలయజమానిని బాధ్యుని చేసెను. బట్టలు శుభ్రపరచు దుకాణములవారు గుండె పగిలి, పాత ట్రంకుపెట్టెలు తెరచిరి. వారి బాధ్యతా బీమా పాలసీలలో పెక్కింటికి ఒక గుణము కలదు: పాలసీ అమలులోనున్న కాలమున నష్టము జరిగినచో, దావా ముప్పది ఏండ్ల తరువాత వచ్చినను ఆనాటి కంపెనీయే జవాబుదారి. 1973 ప్రాంతమున కంపెనీలు మేలుకొని, అకస్మాత్తుగ జరిగిన కాలుష్యమునకు తప్ప చెల్లింపమని వ్రాసికొనినవి. 1986లో ఆ సందును కూడ దాదాపు మూసివేసినవి. కావున పత్రము పాతదైనకొలది దానికి విలువ ఎక్కువ. పత్రము పోయినచో ప్రీమియము కట్టిన చిట్టాలు, ఏజెంటు ఉత్తరములు, బ్యాంకు అప్పు కాగితములు సాక్ష్యముగ చూపుదురు. వానిని వెదకిపెట్టుటయే వృత్తిగాగలవారు కూడ అచ్చట ఉన్నారు.

మన దేశమున ఇది యథాతథముగ సాగదు. ఆశపెట్టుట మాకు ఇష్టము లేదు. 1973 జనవరి 1న 107 సాధారణ బీమా సంస్థలు నాలుగు కంపెనీలుగా కూర్చబడినవి. పాత పత్రముపైనున్న పేరు నేడు కనబడకున్నను, దాని వారససంస్థ ఉండవచ్చును. అయితే మన వర్తకుల పెట్టెలలో దొరకునవి చాలవరకు అగ్నిబీమా, మోటారుబీమా పత్రములే. అగ్నిబీమా మన సరకును కాచును గాని, పొరుగువాని బావిని కాదు. భోపాలు దుర్ఘటన 1984లో జరిగిన పిదప, 1991లో ప్రజాబాధ్యతా బీమా చట్టము వచ్చెను. ప్రమాదకర పదార్థములు వాడువారు బీమా చేయవలెను. ప్రీమియముతో సమానమైన మొత్తమును పర్యావరణ సహాయనిధికి కట్టవలెను. మరణమునకు ఆనాడు నిర్ణయించిన సహాయము 25,000 రూపాయలు మాత్రమే! పైగా ఆ చట్టము ప్రమాదములకు సంబంధించినది. తెలిసియే దినదినము వదలు మురుగు ప్రమాదము కాజాలదు.

2025 జూలైలో కేంద్రప్రభుత్వము కలుషిత స్థలములకై ప్రత్యేక నియమములు ప్రకటించినది. జిల్లా యంత్రాంగము అనుమానిత స్థలములను గుర్తింపవలెను, బాధ్యులు ఖర్చు భరింపవలెను.

ఇక బెల్లపు వ్యాపారమునకు పేరుపొందిన కామారెడ్డిలో గాని, ఎల్లారెడ్డిలో గాని మూతబడిన బంకునో మిల్లునో కొనదలచినవారికి ఒక మాట. దస్తావేజులతోపాటు అమ్మువానియొద్ద పాత బీమా పత్రములను, కాలుష్య నియంత్రణ మండలి అనుమతులను అడిగి తీసికొనుడు. రిజిస్ట్రేషనుకు ముందే బావినీటిని పరీక్ష చేయింపుడు. దావా నోటీసు వచ్చినచో, తప్పు ఒప్పుకొనుటకు ముందు, తవ్వకములకు సొమ్ము ఖర్చుపెట్టుటకు ముందు, బీమా సంస్థకు వ్రాతమూలముగ తెలిపి రసీదు పుచ్చుకొనుడు. పండుగ సున్నములనాడు పాత కాగితములను పొయ్యిలో పెట్టు అలవాటు మన ఇండ్లలో కలదు. పెట్టుటకు ముందు వానిలో పాలసీ ఉన్నదేమో ఒకసారి చూడుడు.