మైదానపు బిడ్డలు – మంచుకొండలు

మా వేటపాలెమునకు కొండలు లేవు. తూర్పున సముద్రము, ఊరిలో మగ్గములు, ఇసుకనేలలలో జీడిమామిడి తోటలు, పడమరగా పోయినకొలది నల్లరేగడిలో ప్రత్తియు, మిరపయు. ఎత్తైన తావు కావలెనన్న రైలుకట్ట యొక్కటే గతి. కొండ యెక్కవలెనన్న శివరాత్రికి ప్రభల వెంట కోటప్పకొండకు పోవలసినదే. అట్టి యూర హిమాలయములను గూర్చి యొక తగవు పుట్టినది. తీర్పు చెప్పుడని మా వద్దకు వచ్చిరి. నేటి మా ప్రసంగమునకు మూలమదియే.

1918లో వెలసిన సారస్వత నికేతన గ్రంథాలయమును శ్రోతలు వినియే యుందురు. మహాత్ముని చేతికఱ్ఱ యొకటి అచట భద్రముగ నున్నది. సాయంకాలము పత్రికలు చదువుటకు అచట చేరు వృద్ధులము మేము. గత వేసవిలో ఒక నేతపనివాడు తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. ఆ యువకుడు ఇంజనీరింగు పట్టభద్రుడు, హైదరాబాదున ఉద్యోగము. "మాస్టారూ, వీడు నెల్లాళ్లు సెలవు పెట్టి మంచుకొండలెక్కడం నేర్చుకుంటాడట. గుంటమగ్గంలో కూర్చుని నేను చదివించింది ఇందుకేనా? మీరైనా నాలుగు మాటలు చెప్పండి" అని తండ్రి మొరపెట్టుకొనెను.

దాచుట యెందులకు? మేము తండ్రి పక్షమే వహించితిమి. మేమెరిగిన ఇంజనీరు వంతెన కట్టును, కాలువ త్రవ్వించును; నేటివాడు కంప్యూటరు ముందు కూర్చుండును. కొండకొమ్మున అతనికేమి పని? ఇట్లు మేము ధోరణిలో నుండగా ఆ యువకుడు ఒక్క పేరు చెప్పి యూరకుండెను: మల్లి మస్తాన్ బాబు. పత్రికలలో చదివి, అయ్యో యనుకొని, మేము మరచిన పేరది. ఆ రాత్రి మాకు మాటతోచలేదు. మరునాటినుండి ఆయన కథ మరల వెదకి చదివితిమి.

మా రైలుమార్గముననే దక్షిణముగా పోయినచో వచ్చు నెల్లూరు జిల్లా ఆయనది. సంగం మండలములోని గాంధీజనసంగమున 1974లో జన్మించెను. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివెను. ఆ పాఠశాలలోనే చదివిన లెఫ్టినెంటు ఉదయభాస్కరరావు, 1985లో మన సైన్యము సాగించిన ఎవరెస్టు యాత్రలో ప్రాణములు విడిచెను. బాలుడైన మస్తాన్ బాబు మనసున కొండ నాటుకొనినది అచటనే యందురు. పిమ్మట జంషెడ్‌పూరున ఇంజనీరింగు, ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో ఉన్నత విద్య, కొన్నియేండ్లు సాఫ్ట్‌వేరు ఉద్యోగము, ఆపైన కలకత్తా ఐ.ఐ.ఎమ్.లో నిర్వహణ విద్య. తండ్రులు కలలు గను మెట్లన్నియు ఆయన యెక్కెను. మెట్లు ముగిసినచోట కొండ మొదలుపెట్టెను.

2006వ సంవత్సరమున ఆయన చేసిన పని వినుడు. ఏడు ఖండములందలి ఏడు ఉన్నత శిఖరములను ఒక్క యేడాది లోపల నెక్కవలెనని సంకల్పము. జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్, ఫిబ్రవరి 17న దక్షిణ అమెరికాలోని అకోంకాగువా, మార్చి 15న ఆఫ్రికాలోని కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలోని కోజియస్కో, మే 21న ఎవరెస్టు, జూన్ 13న ఐరోపాలోని ఎల్‌బ్రుస్, జూలై 10న అలాస్కాలోని డెనాలి. అన్నియు కలిపి 172 దినములు. (వీనిలో కోజియస్కో మన నీలగిరిలోని దొడ్డబెట్టకంటె పొట్టిది. ఖండమునకొక్కటి యను లెక్కచే దానికా గౌరవము దక్కినది.) మేము పంచాంగము ముందిడుకొని ఆ తేదీలను సరిచూచితిమి: గురువారము, శుక్రవారము, బుధవారము, శనివారము, ఆదివారము, మంగళవారము, సోమవారము. ఏ వారమును రెండుమారులు రాలేదు! ఏడువారముల నగలని మన యాడువారు చెప్పుకొందురు. ఇవి ఏడువారముల కొండలు.

ఇందు సాహసము ఎంతయో లెక్కయు నంతయే. సముద్రపుటొడ్డున నున్న మాకు గాలి బరువు తెలియదు. ఎవరెస్టు కొనయందు ఆ ఒత్తిడి మా యూరి దానిలో మూడవవంతు మాత్రమే. అచట నీరు డెబ్బది డిగ్రీల ప్రాంతముననే మరగును. ఎంత మరగినను బియ్యము సరిగా నుడుకదు. మూడువేల మీటర్లు దాటినపిమ్మట ప్రతిరాత్రియు నిద్రించు తావును మూడు నాలుగు వందల మీటర్లకంటె పెంచరాదు. పగలు పైకిపోయి బరువులు దించి, క్రిందికి వచ్చి పరుండుట వారి పద్ధతి. రక్తము ఆ పలుచని గాలికి అలవాటు పడువరకు ఓర్పు పట్టవలెను. త్వరపడినవానికి తలనొప్పితో ఆరంభమై ఊపిరితిత్తులలో నీరు చేరువరకు పోవును. తిండి యెంత, ఇంధనమెంత, ఏ గంటకు ఎచట నుండవలెను – ఇదియంతయు ఇంజనీరు చేయు పనియే కదా యని మాకు తోచినది.

అయినను ఆ కథ అచట ముగియలేదు. 2015 మార్చిలో, అర్జెంటీనా చిలీల సరిహద్దున ఆండీస్ పర్వతములలోని ట్రెస్ క్రూసెస్ సూర్ శిఖరమునకు ఆయన ఒంటరిగా బయలుదేరి, తిరిగి రాలేదు. ఏప్రిల్ 3న దేహము కనబడినది. ఆ నెలలోనే స్వగ్రామమునకు చేర్చిరి. నలుబదియేండ్లు. ఇది చదివిన దినమున, తండ్రి చెప్పినదే నిజమేమో యని మేము మరల వెనుకకు జరిగితిమి.

వారము గడచిన పిమ్మట తండ్రికొడుకులిద్దరును మరల వచ్చిరి. యువకుని చేతిలో మూరెడు త్రాటిముక్క, కొండలెక్కు మిత్రులిచ్చినదట. తండ్రి దానిని మా యెదుటనే చేతికి తీసుకొని కొన విప్పెను. లోపల పేనిన నైలాను పేటలు, పైన రంగుదారముల తొడుగు. "ఇది నేత కాదు మాస్టారూ, అల్లిక" అనెను. రెండుచేతుల పట్టి లాగెను. "సాగుతోందేం?"

"సాగాలి నాన్నా. సాగకపోతే, పడ్డప్పుడు కుదుపంతా మనిషి నడుముకే తగులుతుంది. ఇది సాగి ఆ కుదుపును తను తీసుకుంటుంది."

"అవును. మరీ బిగిస్తే పడుగూ తెగుతుంది" అని తండ్రి తనలో తాననుకొనెను. ఆ త్రాటిని చాలసేపు విడువలేదు.

మస్తాన్ బాబు మరణమును గూర్చి మేమే ఎత్తితిమి. ఎత్తకుండుట న్యాయము కాదనిపించినది. యువకుడు తడబడలేదు. తాను పోవునది ఉత్తరకాశిలో 1965లో వెలసిన నెహ్రూ పర్వతారోహణ సంస్థకనియు, ప్రాథమిక శిక్షణ నాలుగు వారములనియు, ఉద్యోగము విడుచు తలంపు లేదనియు చెప్పెను. శిఖరమునకు పోవు దినమున ఒక గంట ముందుగనే నిర్ణయింతురట. ఆ గంట కొట్టినచో శిఖరము నూరడుగుల దూరమున నున్నను వెనుకకు తిరుగవలసినదేనట.

"ఆ గంట ఎవరు చెబుతారు?" అని తండ్రి యడిగెను.

"ఇప్పుడు శిక్షకులు నాన్నా. తరవాత ఎప్పటికైనా నాకు నేనే చెప్పుకోవాలి."

తండ్రి బదులు చెప్పలేదు. మేమును చెప్పలేదు. తీర్పరులమని కూర్చున్న మాకు ఆ ప్రశ్నకు మించిన ప్రశ్న తోచలేదు. మస్తాన్ బాబు ఆ కడపటి దినమున తనకు తాను ఏమి చెప్పుకొనెనో ఎరిగినవారు లేరు.

కొంతసేపటికి ఆయన ధోవతి కొసతో చేతులు తుడుచుకొని, అపాయమునకు బాధ్యత తమదేయని వ్రాసియిచ్చు కాగితము నడిగి తీసుకొనెను. అక్షరమక్షరము చదివెను. మా కలము పుచ్చుకొని, కుమారుని సంతకము క్రింద, అవసరము లేకున్నను, తన సంతకము కూడ చేసెను. త్రాటిముక్క మాత్రము తిరిగి ఇయ్యలేదు. మగ్గము ప్రక్కన మేకునకు వ్రేలాడదీసినాడట.

శిక్షణ ఆశ్వయుజమున. సెలవు ఇంకను మంజూరు కాలేదని నిన్ననే కబురు వచ్చినది.