తుపాను దాటిన తర్వాతి రాత్రులు

(బాన్సువాడ సభలో చేసిన పంచేటి కోటేశ్వరం స్మారకోపన్యాసం)



కోటేశ్వరం గారి పేరు చెప్పగానే వాతావరణ శాస్త్రం చదివినవాళ్లకు వానాకాలం గుర్తొస్తుంది. నైరుతి రుతుపవనాలు వీచే నెలల్లో మన నెత్తిన పద్నాలుగు, పదిహేను కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఉధృతంగా పారే గాలి ఒకటుంది. ఆ గాలి స్వరూపాన్ని 1958లో ప్రపంచానికి వివరించి చెప్పిన తెలుగువాడు ఆయన. 1969 నుంచి 1975 దాకా భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా ఉన్నారు. ప్రపంచ వాతావరణ సంస్థకు ఉపాధ్యక్షులుగా పనిచేశారు. అంతటి మనిషి స్మృతిలో మాట్లాడేటప్పుడు రుతుపవనాల గురించి చెప్పడమే సులువు. నేను మాత్రం చలికాలపు తుపాను గురించి, దాని వెనకే వచ్చే చలి గురించి చెబుతాను. తుపాను సముద్రానిదని, చలి ఉత్తరాదిదని అనుకునే ఈ మంజీరా ఒడ్డున ఆ రెండింటి లెక్క ఇంకా సరిగా కట్టలేదని నా అభిప్రాయం.

ముందు చరిత్ర. 1864లో బంగాళాఖాతం రెండు దెబ్బలు కొట్టింది. అక్టోబరు 5న కలకత్తా, నవంబరు 1న మచిలీపట్నం. బందరు ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారని చరిత్రలు రాస్తున్నాయి. ఆ మరుసటి ఏడాది కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. 1866, 1871 సంవత్సరాల్లో వానలు మొహం చాటేసి కరువులు వచ్చాక, 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ దాని తొలి అధిపతి. 1878లో రోజువారీ వాతావరణ నివేదిక మొదలైంది. ఈ వరుసను ఒకసారి గమనించండి: మొదట ఓడల రేవుకు, ఆ తర్వాత కరువు భయంతో వానకు. చలి ఈ వరుసలో ఎక్కడా లేదు. తీరానికి నాలుగైదు వందల కిలోమీటర్ల లోపల ఉన్న పల్లెకు తుపానుతో ఏం పని అని కూడా అప్పట్లో ఎవరూ అడగలేదు.

హైదరాబాదు రాజ్యంలో ఆకాశాన్ని చూసే పని 1901లో మొదలైంది. నవాబు జఫర్ జంగ్ తన సొంత ఆసక్తితో నెలకొల్పిన నిజామియా వేధశాల, ఆయన పోయాక 1908లో ప్రభుత్వం చేతికి వచ్చి, తర్వాత బేగంపేటలో స్థిరపడింది. నక్షత్రాల పటాలు గీయడంలో దానికి అంతర్జాతీయ కీర్తి ఉంది. నగరపు ఉష్ణోగ్రతల దస్త్రం కూడా బేగంపేటదే. హైదరాబాదులో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. ఎనభై ఏళ్ల నాటి ఆ రాత్రి మనకు అంకెగా మిగలడానికి, గజగజ వణుకుతూ పొద్దున్నే లేచి ఉష్ణమాపకం చూసి రాసిన ఒక ఉద్యోగి కారణం. అతని పేరు నాకు తెలియదు. ఈ ఉపన్యాసంలో కొంత భాగం అతనికీ చెందుతుంది.

అదే కాలంలో ఇక్కడ ఇంకో పని జరిగింది. 1923లో మొదలుపెట్టి 1931 నాటికి అలీ నవాజ్ జంగ్ మంజీరా మీద నిజాంసాగర్ కట్టారు. కాలువ పారిన చోట భూమి సాగుచేయడానికి కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల నుంచి కుటుంబాలు తరలివచ్చాయి. వర్ని, కోటగిరి, బీర్కూర్, బాన్సువాడ చుట్టూ ఇవాళ్టికీ ‘క్యాంపు’ అని పేరున్న ఊళ్లు వాళ్లవే. వాళ్లు వరి సాగుతో పాటు తుపాను జ్ఞాపకాన్నీ తెచ్చుకున్నారు. తీరంలో తుపానంటే గాలి, ఉప్పెన. ఇక్కడికొచ్చాక అదే తుపాను రెండు మూడు రోజుల ముసురుగా, కల్లంలో తడిసిన వడ్లుగా, ఆ వెనక ఇగంగా కనిపించింది. తాతలు చూసిన తుపానుకూ మనవలు చూస్తున్న తుపానుకూ పోలికే లేదు. హెచ్చరికలు మాత్రం చాలాకాలం తాతల తుపాను కోసమే రాశారు.

దానికి న్యాయమైన కారణం ఉంది, కాదనను. 1977 నవంబరు 19న దివిసీమ మునిగింది. అధికారిక లెక్కల్లోనే పది వేల మంది దాకా చనిపోయారు. అంతకు ముందే, కోటేశ్వరం గారి హయాంలో 1970లో, తుపానులను పసిగట్టే తొలి రాడార్‌ను విశాఖపట్నంలో పెట్టారు. దివిసీమ తర్వాత దేశం మొత్తం దృష్టి తీరం మీదికి మళ్లింది. 1983లో ఎగిరిన ఇన్సాట్-1బి మబ్బుల బొమ్మలు పంపడం మొదలుపెట్టింది. 1990 మేలో మచిలీపట్నం దగ్గర తాకిన తుపాను తీవ్రతలో 1977 దానికి తీసిపోయేది కాదు. అయినా ముందే లక్షల మందిని తరలించారు కనుక మరణాలు వెయ్యి లోపే ఆగాయి. 1996 నవంబరు 6న కోనసీమను తాకినది చిన్న వ్యాసంతో, చురుకుగా వచ్చింది. దానికి వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకే చోటునూ సమయాన్నీ శాఖ రోజుల ముందే చెప్పింది. తీరం విషయంలో మన శాస్త్రజ్ఞులు సాధించింది చిన్నది కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నాకు పేచీ ఉంది.

ఇక చలికాలపు తుపాను ఎందుకు చిక్కు పెడుతుందో చూద్దాం. నవంబరు సగం దాటాక బంగాళాఖాతం ఉత్తర భాగం చల్లబడుతుంది. భూమి మీంచి ఈశాన్యపు పొడిగాలి సముద్రం వైపు వీస్తుంది. పైన పడమటి గాలులు దక్షిణానికి దిగివస్తాయి. దక్షిణాన వెచ్చటి నీటి మీద పుట్టిన తుపాను ఉత్తరానికి కదిలేకొద్దీ కింద చల్లటి నీరు, పక్క నుంచి పొడిగాలి, పైనుంచి పడమటి గాలి కలిసి దాని బలం తీస్తాయి. తీరం తాకేలోపే నీరసిస్తుందా, ఈశాన్యానికి మళ్లిపోతుందా, లేక లోపలికి చొచ్చుకొస్తుందా అన్నది కొన్ని గంటల తేడాతో మారిపోతుంది. పైకి కనిపించే మబ్బంతా ఒక పక్కకు జరిగి, తుపాను కేంద్రం ఇంకో పక్క ఖాళీగా ఉండడమూ ఈ కాలంలో మామూలే.

2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం తాకింది. అప్పటికే దాని బలం తగ్గింది, గాలి భయం తగ్గింది. కానీ దాని మబ్బు తెలంగాణ మీద పరుచుకుంది. ముసురు పట్టింది, సూర్యుడు కనిపించలేదు. పగటి ఉష్ణోగ్రతలు సాధారణం కంటే బాగా పడిపోయాయి. గొర్ల మందల వాళ్లను అడగండి, అలాంటి రోజు ఎంత ప్రమాదమో చెబుతారు. ఒళ్లంతా తడిసిన గొర్రెపిల్ల గాలి తగిలితే నిలబడలేదు. ముసలివాళ్లకూ, కూలికి పొలంలో దిగినవాళ్లకూ అంతే.

ఇక్కడే ఒక లెక్క తప్పిపోతోంది. మన శాఖ నిర్వచనం ప్రకారం మైదాన ప్రాంతంలో చలిగాలి ప్రకటించాలంటే రాత్రి కనిష్ఠం పది డిగ్రీలకో అంతకంటే కిందికో దిగాలి, సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలు తగ్గాలి. ఆరు పాయింట్ నాలుగుకు మించి తగ్గితే తీవ్ర చలిగాలి. కనిష్ఠం నాలుగుకు పడిపోతే మిగతా లెక్కతో పని లేకుండా చలిగాలే. చలిపగలు అని ఇంకోటి ఉంది. దానికీ రాత్రి పది డిగ్రీల నిబంధన ఉంది. మరి ముసురు పట్టిన రోజు ఏమవుతుంది? రాత్రిపూట మబ్బు గొంగడిలా కప్పుకుని ఉంటుంది కనుక కనిష్ఠం పదికి దిగదు. పగలు మాత్రం చలి ఎముకల్లోకి పాకుతుంది. మనుషులూ పశువులూ వణికే ఆ రోజు పుస్తకంలో చలిగాలీ కాదు, చలిపగలూ కాదు. ఉత్తరాది పొడి చలిని కొలవడానికి పెట్టుకున్న కొలత దక్కను తడి చలికి చాలదు.

రెండో అంకం మబ్బు విడిచాక మొదలవుతుంది. తుపాను అవశేషం ఉత్తరానికో తూర్పుకో జరిగిపోగానే దాని పడమటి అంచున ఉన్న మన మీదికి ఉత్తరాది గాలి దిగుతుంది. మధ్య భారతం మీంచి వచ్చే ఆ గాలిలో తేమ ఉండదు. ఆకాశం తేటపడుతుంది. నేలలోని వేడి రాత్రంతా అడ్డూ ఆపూ లేకుండా పైకి పోతుంది. చల్లబడి బరువెక్కిన గాలి పల్లంలోకి జారుతుంది, నది వెంబడి, చెరువు కింది పొలాల్లో నిలుస్తుంది. ఇందులోనూ చిక్కుంది. నేల తడిగా ఉంటే, తెల్లవారుజామున మంచు కురిస్తే ఉష్ణోగ్రత మరీ పడిపోకుండా కొంత ఆగుతుంది. ఒక మబ్బుతెర వచ్చినా రాత్రి మారిపోతుంది. అదే తెర నాలుగు గంటల ముందే విడిచిందంటే తెల్లారేసరికి చెప్పిన అంకె కంటే రెండు మూడు డిగ్రీలు కిందికి దిగుతుంది. అంచనా చెప్పేవాడి మీద కోపపడేవాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

2025లో ఈ రెండు అంకాలనూ మనం చూశాం. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం ప్రాంతంలో తీరం దాటింది. దాని అత్యధిక వాన తీరంలో పడలేదు. బలహీనపడి లోపలికి వచ్చాక వరంగల్, హనుమకొండ మీద పడింది. భీమదేవరపల్లిలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. రోడ్ల మీద, కొనుగోలు కేంద్రాల్లో ఆరబోసిన వడ్లు ఎన్నో జిల్లాల్లో తడిశాయి. నవంబరు మధ్యకొచ్చేసరికి సంగారెడ్డి జిల్లా కోహీర్‌లో, ఆసిఫాబాద్ వైపు సిర్పూర్‌లో కనిష్ఠం పది డిగ్రీల కిందికి దిగింది. చలికి ఆ తుపాను ఒక్కటే కారణమని నేను అనడం లేదు, అలా అనడం శాస్త్రం కాదు. తడిసిన కల్లం ఆరకముందే నారుమడి చలికి చిక్కిన వరుసను చెబుతున్నాను. రైతుకు ఆ రెండూ ఒకే నష్టం. కాగితం మీద మాత్రం రెండు వేరు వేరు హెచ్చరికలు. వాటి మధ్య రోజుల్లో ఎవరూ ఏమీ చెప్పరు.

నారుమడి మాటకొస్తే, ఈ నిజాంసాగర్ ఆయకట్టు తెలంగాణలోకెల్లా ముందు నాటి ముందు కోసే చోటు. చలి ముదిరే రోజుల్లోనే ఇక్కడ నారు మొలక దశలో ఉంటుంది. చలికి మొలక ఎదగదు, ఆకు పసుపు తిరుగుతుంది, ఎర్రబడుతుంది, జింకు లోపం బయటపడుతుంది. రాత్రి మడి మీద పాలిథిన్ పట్టా గానీ యూరియా బస్తాలతో కుట్టిన పట్టా గానీ కప్పి పొద్దున తీసేయాలని, పొద్దున్నే చల్లటి నీళ్లు తీసేసి బోరు నీళ్లు పెట్టాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. రుద్రూర్‌లో వరి, చెరకు పరిశోధన స్థానం మనకు కూతవేటు దూరంలోనే ఉంది. సలహాకు లోటు లేదు. ఏ రాత్రి కప్పాలో ముందురోజు సాయంత్రమే చెప్పేవాళ్లు లేరు.

ఆ రాత్రి చలిని కొలవడంలో ఇంకో సంగతి ఉంది, నాకు చాలా ఇష్టమైన సంగతి. 1932లో పుణెలో వ్యవసాయ వాతావరణ విభాగం మొదలైంది. దాని అధిపతి ఎల్.ఎ. రాందాస్. ఆ ఏడే ఆయన, ఆత్మనాథన్ కలిసి ఒక వింత ప్రకటించారు. గాలి లేని తేట రాత్రి అన్నింటికంటే చల్లగా ఉండేది నేల కాదు, నేలకు జానెడు, మూరెడు ఎత్తున ఉండే గాలి పొర. విదేశీ పండితులు చాలామంది కొలతలో తప్పుందన్నారు. తర్వాత కొలిచినవాళ్లకూ అదే తేలింది. 1990లలో రొద్దం నరసింహ బృందం బెంగళూరులో దానికి సిద్ధాంతం రాసింది. వాతావరణ కేంద్రపు ఉష్ణమాపకం నేలకు నాలుగు అడుగుల ఎత్తున చెక్కపెట్టెలో ఉంటుంది. మన మొలక తల ఎత్తేది ఆ జానెడు పొరలోకి. అంటే పత్రికలో వేసిన పదకొండు డిగ్రీలు నారుమడికి పదకొండు కాదు. రాందాస్ ఈ మాట తేల్చి తొంభై ఏళ్లు దాటింది. మొలక ఎత్తున తీసిన కొలత ఇప్పటికీ రైతు చేతికి అందే అంచనాలో లేదు.

1945లో రేడియోలో రైతులకు వాతావరణ సమాచారం మొదలైంది. ఇప్పుడు మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ వాతావరణ సలహా తెలుగులో వస్తోంది. రాష్ట్రంలో వెయ్యికి పైగా స్వయంచాలిత కేంద్రాలు మండలాల ఉష్ణోగ్రతలు నమోదు చేస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2012లో చలిగాలినీ మంచుదెబ్బనూ సహాయానికి అర్హమైన విపత్తుల జాబితాలో చేర్చింది. పనిముట్లు ఉన్నాయి, నిబంధన ఉంది, మనుషులూ ఉన్నారు.

అందుకే అధికారులను అడుగుతున్నాను: తెలంగాణకు ఇచ్చే తుపాను హెచ్చరిక తీరం దాటడంతో ముగియకూడదు. మబ్బు ఎప్పుడు విడుస్తుంది, ఆ తర్వాత పది రాత్రులు ఎంత చల్లగా ఉంటాయి అన్నది కూడా అదే కాగితంలో రావాలి. ముసురు పగలుకు వేరే కొలత పెట్టాలి. రుద్రూర్‌లో జానెడు ఎత్తున కనిష్ఠ ఉష్ణమాపకం పెట్టి, ఆ అంకెను రోజూ ప్రకటించాలి. ఇక్కడున్న ఉపాధ్యాయులకు ఒక మనవి. వచ్చే కార్తీకం నుంచి మీ బడిలో ఒక కనిష్ఠ ఉష్ణమాపకం నారుమడి గట్టున పాతించండి, పిల్లలతో రోజూ పొద్దున రాయించండి, ఆ పుస్తకాన్ని మీ మండల వ్యవసాయాధికారికి ఇవ్వండి.