పాత కారు పొగ చెప్పే కబురు



ఇవాళ నేను మాట్లాడబోయేది వంటింటి పొగ గురించి కాదు, కారు పొగ గురించి. కార్ల సంగతి మగవాళ్ళు చూసుకుంటారు కదా, మనకెందుకూ అంటారేమో. మామగారి కాలం నాటి అంబాసిడర్నో, ఫియట్‌నో ఇంకా ప్రాణంలా చూసుకునే ఇళ్ళు మన పట్టణాల్లో కొన్ని ఉన్నాయి. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. బొంబాయిలో పద్మినీ టాక్సీలు 2023 అక్టోబరుతో రోడ్ల మీంచి తప్పుకున్నాయి. ఇక కొత్తవి రావు, ఉన్నవాటినే కాపాడుకోవాలి. అలాంటి బండికి పెద్ద రిపేరు వచ్చిందంటే, ఆ డబ్బు మన ఇంటి జమాఖర్చుల పుస్తకంలోంచే పోవాలి. అంచేత "ఇంజను విప్పాలమ్మా" అని మెకానిక్కు అన్నప్పుడు, నిజంగా విప్పాలా అని అడగగలిగేపాటి తెలివిడి మనకూ ఉండాలి.

పాత కార్లకు తరచుగా వచ్చే జబ్బు నీళ్ళు కారడం. రేడియేటరుకు చిల్లి పడుతుంది, లేదా రబ్బరు గొట్టం చీలుతుంది. దాన్ని బాగుచేయించి ఇంటికి తెచ్చుకుంటాం. మర్నాడు చూస్తే బండి పొగలు కక్కుతుంది! ఆ పొగకు అర్థం ఏమిటన్నదే ఇవాళ్టి విషయం.

ఇంజను లోపల నీళ్ళు చేసే పని మన ప్రెషర్ కుక్కరును తలచుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. పెట్రోలు మండే సిలిండర్ల చుట్టూ నీళ్ళు తిరుగుతూ, ఆ వేడిని తీసుకుపోయి రేడియేటర్లో చల్లారి, మళ్ళీ వెనక్కు వస్తాయి. కుక్కరు మీద వెయిటు ఉన్నట్టే రేడియేటరు మీద ఒత్తిడిని పట్టి ఉంచే మూత ఉంటుంది. అందువల్ల నీళ్ళు 100 డిగ్రీల దగ్గరే మరిగిపోవు. ఇక సిలిండర్లున్న కింది భాగానికీ, పైన మూతలా బిగించిన 'హెడ్'కీ మధ్య ఒక పల్చటి గ్యాస్కెట్ ఉంటుంది. నిప్పు నిప్పు దగ్గరా, నీళ్ళు నీళ్ళ దగ్గరా, ఆయిలు ఆయిలు దగ్గరా ఉండేట్టు చూసేది అదే.

నీళ్ళు కారిపోయాక కూడా బండి నడిపితే హెడ్ విపరీతంగా వేడెక్కి, వెంట్రుకవాసి వంగినా చాలు, గ్యాస్కెట్ కాలిపోతుంది. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజనులో హెడ్ పోత ఇనుముది, కాస్త ఓర్చుకుంటుంది. ఫియట్ 1100, పద్మినీలకు హెడ్ అల్యూమినియంది. వేడికి అల్యూమినియం ఇనుముకంటే సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి తొందరగా వంగుతుంది. ఇంకో సంగతి. నీళ్ళు పూర్తిగా పోయినప్పుడు వేడి చూపే ముల్లు ఒక్కోసారి పైకి పోవడానికి బదులు కిందికి దిగుతుంది. దాన్ని తాకే నీళ్ళే లేవు కదా! ముల్లు దిగిందని సంతోషించకండి.

ఇప్పుడు పొగ సంగతి. మొట్టమొదట చూడవలసింది అది ఎక్కడినుంచి వస్తోందన్నది. బానెట్ కిందనుంచా, వెనక సైలెన్సర్ గొట్టంలోంచా? ఈ రెండిటికీ హస్తిమశకాంతరం ఉంది.

బానెట్ కిందనుంచి తెల్లగా వస్తే చాలావరకు అది పొగ కాదు, ఆవిరి. ఇంకా ఎక్కడో నీళ్ళు కారి వేడి ఇనుము మీద పడుతున్నాయన్న మాట. లేదా, నిన్న ఒలికిన కూలెంట్ ఇవాళ మాడుతూ ఉండవచ్చు. పాలు పొంగి పొయ్యి మీద పడితే, తుడవకుండా మళ్ళీ వెలిగించినప్పుడు ఎలా పొగ వస్తుందో అలాగే. కూలెంట్‌లో గ్లైకాల్ ఉంటుంది కాబట్టి తియ్యటి వాసన వేస్తుంది. మా ఎదురింటి పిన్నిగారి పద్మినికి గొట్టం మార్పించిన మర్నాడు ఇలాగే పొగ వచ్చింది. ఒక వర్క్‌షాపులో ఇంజను విప్పాలన్నారు. ఆవిడ కంగారు పడకుండా, "పొగ ముందునుంచే వస్తోంది కదా, రేడియేటర్లో నీళ్ళేమీ తగ్గలేదే?" అని అడిగారు. ఇంజను చల్లారాక తడిగుడ్డతో తుడిపించి రెండురోజులు తిప్పితే పొగ దానంతటదే పోయింది.

బానెట్ కింద కాలిన నూనె వాసన వస్తే, పై మూత అంచునుంచి ఆయిలు కారి వేడి మానిఫోల్డు మీద పడుతూ ఉండవచ్చు. రబ్బరో ప్లాస్టిక్కో మాడిన వాసన అయితే మాత్రం కరెంటు తీగలను అనుమానించాలి. వెంటనే ఇంజను ఆపి, అందరూ దిగిపోవాలి. అది పరీక్షలు చేస్తూ నిలబడే సమయం కాదు.

ఇక సైలెన్సర్ పొగ. దీనికి రంగే సాక్షి. నల్లటి పొగ అంటే పెట్రోలు ఎక్కువ పోతోందని. చోక్, కార్బురేటరు, ఎయిర్ ఫిల్టరు చూడమనాలి. దీనికీ నీళ్ళకూ సంబంధం లేదు. నీలిపొగ అంటే ఇంజనాయిలు మండుతోందని. పొద్దున్నే స్టార్టు చేయగానే కాస్త వచ్చి పోతే వాల్వుల దగ్గర ఆయిలు దిగుతోందని అనుమానించాలి. బండి లాగుతున్నప్పుడల్లా వస్తే పిస్టన్ రింగుల అరుగుదల కావచ్చు. బాగా వేడెక్కిన ఇంజనులో రింగులు బిగువు కోల్పోయినా ఇలా వస్తుంది.

తెల్లటి పొగ దగ్గరే అందరూ భయపడతారు. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. చలి ఉదయాల్లో అది తెల్లగా కనిపించి, ఇంజను వేడెక్కాక మాయమవుతుంది. అది జబ్బు కాదు. ఇంజను బాగా వేడెక్కాక కూడా దట్టంగా వస్తూనే ఉండి, తియ్యటి వాసన వేస్తూ, రేడియేటర్లో నీళ్ళు రోజురోజుకూ తగ్గుతుంటే మాత్రం నీళ్ళు సిలిండర్లోకి పోతున్నాయన్న మాట. గ్యాస్కెట్ కాలి ఉండాలి, లేదా హెడ్ చిట్లి ఉండాలి.

దీన్ని రూఢి చేసుకోవడానికి పొద్దున్నే, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, ఆయిలు కొలిచే పుల్ల బయటికి తీసి చూడండి. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయని అర్థం. ఆయిలు పోసే మూత అడుగున కాస్త తెల్లటి నురగ ఉన్నంత మాత్రాన తీర్పు చెప్పకండి. దగ్గర దగ్గర దూరాలే తిరిగే బండిలో చెమ్మవల్ల కూడా అది వస్తుంది. పుల్ల చెప్పేదే నమ్మకం. రేడియేటరు మూత తీసి ఉంచి, చల్లటి ఇంజనును స్టార్టు చేయించినప్పుడు నీళ్ళల్లో ఆగకుండా బుడగలు వస్తున్నా గ్యాస్కెట్‌నే అనుమానించాలి. నీళ్ళు వేడెక్కకముందే ఇంజను ఆపించి మూత పెట్టించెయ్యాలి.

మిగతావి మెకానిక్కు చేయవలసినవి. స్పార్కు ప్లగ్గులు విప్పితే, నీళ్ళు పోతున్న సిలిండరు ప్లగ్గు తక్కినవాటికంటే కడిగినట్టు శుభ్రంగా ఉంటుంది. కంప్రెషన్ పరీక్షలో పక్కపక్క సిలిండర్లు రెండూ బలహీనంగా ఉంటే వాటి మధ్య గ్యాస్కెట్ పోయినట్టు. చేతిపంపుతో రేడియేటరుకు ఒత్తిడి పెట్టి, ఎక్కడ కారుతోందో చూసే పరీక్ష కూడా ఉంది. ఇంజను విప్పకముందే ఇవి చేయించమని అడగండి. గ్యాస్కెట్ ఖరీదు తక్కువే. హెడ్ దింపడానికీ, దాన్ని చదును చేయించడానికీ, మళ్ళీ బిగించడానికీ అయ్యే కూలి ఎక్కువ. తీరా విప్పవలసే వస్తే, హెడ్ వంగిందో లేదో కొలవకుండా కొత్త గ్యాస్కెట్ ఒక్కటే వేయించకండి. డబ్బు రెండుసార్లు పోతుంది.

ఆయిల్లో నీళ్ళు కలిసినా, తెల్లపొగ దట్టంగా వస్తున్నా "వర్క్‌షాపు దాకా మెల్లగా పోనిద్దాం" అనుకోవద్దు. నీళ్ళు కలిసిన ఆయిలుతో బేరింగులు పాడవుతాయి. సిలిండరు నీళ్ళతో నిండితే పిస్టన్‌ను పట్టి ఉంచే కడ్డీ కూడా వంగిపోవచ్చు. తాడు కట్టి లాగించడమే మేలు.

జాగ్రత్తలు కొన్ని మనవి చేస్తాను. వేడిగా ఉన్న రేడియేటరు మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకూడదు. ఆవిరి పోకుండా కుక్కరు మూత తీస్తామా? అరగంటకు పైగా ఆగి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే, దళసరి గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. కాలుతున్న ఇంజనులో చన్నీళ్ళు పోస్తే లోహం చిట్లుతుంది. దారిలో చిల్లి పడితే రేడియేటర్లో పసుపు పోసే అలవాటు కొందరు డ్రైవర్లకు ఉండేది. ఆ పూటకు చిల్లి మూసుకున్నా, సన్నటి గొట్టాలు కూడా పూడుకుపోతాయి. బోరునీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది చూశారూ, రేడియేటర్లోనూ అంతే. అందుకని డిస్టిల్డ్ వాటరు, కూలెంట్ కలిపి వాడటం మంచిది.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర చెబుతున్నాను. కూలెంట్‌లోని గ్లైకాల్ విషం. రుచికి తియ్యగా ఉంటుంది కాబట్టి పసిపిల్లలూ, కుక్కలూ, పిల్లులూ నాకే ప్రమాదముంది. నేల మీద ఒలికితే వెంటనే కడిగించండి. మిగిలింది తాగే నీళ్ళ సీసాలో పోసి ఉంచకండి. పిల్లలు మింగారని అనుమానం వచ్చినా సరే, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఈసారి బండి పొగ వదిలితే ఎక్కడినుంచి, ఏ రంగు, ఏ వాసన, ఎంతసేపు అన్నవి ఓ కాగితం మీద రాసుకోండి. రేడియేటర్లో నీళ్ళెన్ని తగ్గుతున్నాయో కూడా రోజూ పక్కన వేసుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటే మెకానిక్కుకూ పని సులువవుతుంది, మనకూ ఎక్కడ డబ్బు పెట్టాలో తెలుస్తుంది.